మనస్సునకు యజమాని ఎవరు?

మనస్సు తనంత తాను కదలుచున్నదా, లేక వేరొకటి దానిని కదలించుచున్నదా? ఈ ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. కేనోపనిషత్తు ఈ ప్రశ్నతోనే ప్రారంభమగుచున్నది. దాని పేరు సైతము ఈ ప్రశ్ననుండి పుట్టినదే. కురుక్షేత్రమున అర్జునుడును, ఇష్టము లేకున్నను మానవుడు పాపమునకు ఒడిగట్టుట ఏల యని శ్రీకృష్ణుని అడిగెను. ఉపనిషత్తులోని శిష్యుడు జ్ఞానాపేక్షతో అడిగెను. అర్జునుడు ధర్మసంకటమున నిలిచి అడిగెను. ఇరువురి సందేహము ఒక్కటే: ఈ బండిని తోలువాడెవడు?

నేటి లోకము ఆ ప్రశ్ననే భయానకమగు కథారూపమున అడుగుచున్నది. ఒక శిలీంధ్రము, అనగా బూజు జాతికి చెందిన జీవి, మానవ శరీరములలో ప్రవేశించి, వారి బుద్ధిని హరించి, వారిని ఇతరులపైకి ఉసికొల్పునట్లు కల్పింపబడిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ అను కథ 2013లో వీడియో ఆటగా వెలువడి, 2023 జనవరినుండి టెలివిజన్ ధారావాహికగా ప్రసారమయ్యెను. అట్లు బుద్ధి నశించి దేహమాత్రులై తిరుగువారిని ‘జాంబీ’లందురు. ఇట్టిది నిజముగా సంభవించునా యని యువకులు అడుగుచున్నారు. దీనిని పిల్లచేష్టగా త్రోసివేయుట తగదు. ఒక క్రిమి మనస్సును నడుపగలిగినచో మానవుని స్వాతంత్ర్యమునకు అర్థమేమి? అట్లు నడుపబడిన మానవుని తోటిమానవుడు ఏ దృష్టితో చూడవలెను? యువకుల ప్రశ్న వెనుక ఈ రెండు ప్రశ్నలు దాగియున్నవి.

కోల్‌కతా నగరపు వార్త

ఆ ధారావాహిక ప్రసారమైన 2023లోనే కోల్‌కతా నగరమునుండి ఒక వైద్యవార్త వెలువడి అనేక దేశముల పత్రికల కెక్కెను. 61 సంవత్సరముల వయస్సుగల వృక్షశిలీంధ్ర శాస్త్రజ్ఞు డొకరు, మూడు మాసములుగా గొంతు బొంగురుపోవుట, దగ్గు, అలసట, మ్రింగుటకు కష్టము అను బాధలతో ఆసుపత్రికి వచ్చిరి. మధుమేహము గాని, శరీరపు రక్షణశక్తిని క్షీణింపజేయు మరియే వ్యాధి గాని ఆయనకు లేదు. మెడను స్కాను తీయగా శ్వాసనాళపు ప్రక్కన చీముగడ్డ కానవచ్చెను. వైద్యులు ఆ చీమును సూదితో తీసి పరీక్షించిరి. అందు పెరిగిన శిలీంధ్రమేదియో సాధారణ పరీక్షలచే తెలియలేదు. చివరకు దాని జన్యుక్రమమును పరిశీలింపగా, అది కాండ్రోస్టీరియం పర్పూరియం అని తేలెను.

ఇది మొక్కలకు పట్టు తెగులు. గులాబీ కుటుంబమునకు చెందిన మొక్కలకు ఇది సోకినచో ఆకులు వెండిరంగునకు మారును. మానవునకు ఇది సోకినట్లు అంతకు పూర్వము వైద్యగ్రంథములలో నమోదు కాలేదు. ఆ శాస్త్రజ్ఞుడు బహుకాలముగా కుళ్ళిన పదార్థములతోను, పుట్టగొడుగులతోను, మొక్కల శిలీంధ్రములతోను పనిచేసినవారు. వైద్యులు చీమును తొలగించి, వోరికొనజోల్ అను శిలీంధ్రనాశకౌషధమును రెండు మాసములు ఇచ్చిరి. రెండు సంవత్సరముల పర్యవేక్షణ అనంతరము ఆయన పూర్ణారోగ్యవంతులుగా ఉండిరి, వ్యాధి తిరుగబెట్టలేదు.

పత్రికలు ఈ వార్తను ఆ కల్పితకథతో ముడిపెట్టినవి. కాని వార్తను నిదానముగా చదివినవారికి వేరొక విషయము గోచరించును. ఆ శిలీంధ్రము ఆయన కంఠము చెంత గూడు కట్టుకొనెనే గాని, ఆయన సంకల్పమును తాకలేదు. తన బాధను తానే గుర్తించి, తానే వైద్యుని చెంతకు వచ్చెను. అన్నిటికంటె ముఖ్యమైన దేమనగా, క్రొత్త వ్యాధి అని తెలిసినను ఆయనను చూచి ఎవరును పారిపోలేదు. పేరు తెలియని శత్రువునకు పేరు కనుగొని, మందు కనుగొని, మనిషిని నిలబెట్టిరి.

పరాన్నజీవుల చరిత్రలో ఈ నగరపు పేరు క్రొత్తది కాదు. 1897 ఆగస్టులో సికింద్రాబాదున దోమ కడుపులో మలేరియా క్రిమిని గాంచిన రోనాల్డ్ రాస్, 1898లో కలకత్తాకు వచ్చి, పక్షులపై పరిశోధన సాగించి, ఆ క్రిమి దోమకాటు ద్వారా వ్యాపించు విధానమును నిరూపించెను. అంతకు ముందు చెడుగాలి వలననో, దేవతాగ్రహము వలననో కలుగునని తలచిన జ్వరమునకు కారణము కంటికి కనబడినది. భయము తొలగుటకు మొదటిమెట్టు వస్తువును వస్తువుగా చూచుట. రజ్జుసర్పభ్రాంతిని దీపముతో పోగొట్టవలెనని వేదాంతము చెప్పునది కూడ ఇదియే.

ప్రకృతిలోని పరాధీనత

ఐనను ఆ కథ కేవలము గాలిలో పుట్టినది కాదు. దానికి ప్రకృతిలో ఒక ఆధారము కలదు. పరాన్నభుక్కు అను మాటకు పరుల అన్నము తినునది యని అర్థము. కొన్ని పరాన్నభుక్కులు అన్నముతో తృప్తిపడక, అన్నము పెట్టినదాని కాళ్ళను గూడ తమ పనికి వినియోగించుకొనును.

ఉష్ణమండలపు అడవులలో ఓఫియోకార్డిసెప్స్ అను శిలీంధ్రము కలదు. దాని బీజము వడ్రంగి చీమపై పడి, పైపెంకును తొలుచుకొని లోపల ప్రవేశించును. కొన్నిదినములకు ఆ చీమ తన బారును విడిచి, ఒంటరిగా తూలుచు తిరుగును. పిదప ఒక చిన్నమొక్క నెక్కి, ఆకు అడుగున ఈనెను దవడలతో గట్టిగా కరచిపట్టి, అట్లే ప్రాణము విడుచును. థాయిలాండ్ అడవిలో పరిశీలించినవారు ఇట్లు మరణించిన చీమలు నేలనుండి రమారమి 25 సెంటీమీటర్ల ఎత్తున ఉండుట గమనించిరి. చీమ మరణించిన తరువాత దాని తల వెనుకనుండి ఒక కాడ మొలిచి, క్రింద నడచు చీమలపై బీజములను రాల్చును. జర్మనీలోని మెస్సెల్ అను చోట దొరికిన, 4 కోట్ల 80 లక్షల సంవత్సరముల నాటి ఆకు శిలాజముపై సైతము ఇట్టి కాటుగుర్తులున్నవి. మానవజాతి పుట్టుటకు ఎంతో పూర్వమే ఈ నాటకము సాగుచుండెను.

ఆ శిలీంధ్రము చీమ మెదడులో కూర్చుండి దానిని తోలుచున్నదని చాలకాలము తలచిరి. 2017లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు చీమ దేహమును సూక్ష్మముగా చిత్రించి చూడగా, శిలీంధ్రకణములు కండరముల చుట్టును వలవలె అల్లుకొనియుండెను. మెదడులో మాత్రము ప్రవేశింపలేదు. రసాయనములు మెదడుపై పనిచేయుచుండవచ్చును. కాని శిలీంధ్రకణములు మాత్రము అచ్చట లేవు. చీమ తల చీమదిగానే ఉండగా, కాళ్ళును దవడలును పరుల పాలైనవి.

బొద్దింకకు కలుగు దుర్గతి ఇంతకంటె విచిత్రమైనది. పచ్చని రత్నమువలె మెరయు ఒకజాతి కందిరీగ కలదు. శాస్త్రజ్ఞులు దానిని ఆంప్యులెక్స్ అందురు. అది బొద్దింకను ముందు రొమ్మున కుట్టి ముంగాళ్ళను కొంతసేపు స్తంభింపజేయును. రెండవమారు గురిచూచి తలలోని నాడీకేంద్రమున కుట్టును. అనంతరము బొద్దింక కాళ్ళలో సత్తువ చెడదు. ఐనను నడువవలెనను ప్రేరణ నశించును. కందిరీగ దాని మీసమును పట్టుకొని నడిపించినచో, మోకు కట్టిన పశువువలె వెంట నడచును. బొరియలో దానిపై గ్రుడ్డు పెట్టి, ద్వారమును మూసి, కందిరీగ వెడలిపోవును. పిల్ల పుట్టి, బ్రతికియున్న బొద్దింకనే ఆహారముగా తినును. ఈ విధముగా కుట్టబడిన బొద్దింకను తెచ్చి విడిగా ఉంచినచో, సుమారు వారమునకు అది మరల తనంత తాను నడువసాగును. శక్తి యుండియు సంకల్పము లేకపోవుట యనునది ఇంత స్పష్టముగా మరియొకచోట కానరాదు.

ఎలుకల విషయము కూడ ఇట్టిదే. టాక్సోప్లాస్మా అను ఏకకణజీవి పిల్లి ప్రేగులలో మాత్రమే తన సంతానవృద్ధిని పూర్తిచేసికొనగలదు. అది సోకిన ఎలుకలకు పిల్లి వాసనయెడల పుట్టుకతో ఉండు భయము పోవుచున్నదని 2000 సంవత్సరమున ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ప్రకటించిరి. భయము లేకపోవుట ఎల్లప్పుడును ధైర్యము కాదని ఇందువలన గ్రహింపవలెను.

కథకును సత్యమునకును గల దూరము

ఇన్ని ఉదాహరణములుండగా, మానవునకు మాత్రము ఇట్లు కాగూడదని ఏమున్నది? శాస్త్రము చెప్పు సమాధానమిది. ఓఫియోకార్డిసెప్స్‌లో ఒక్కొక్క జాతి ఒక్కొక్క చీమజాతికే అలవాటుపడినది. ఒక తాళమునకు చేసిన చెవి వేరొక తాళమును తెరువదు. చీమ తాళమునకు లక్షలాది సంవత్సరములు అరగదీయబడిన చెవి మానవుని తాళమున దూరనైన దూరదు. అదియునుగాక, శిలీంధ్రములలో అధికభాగము చల్లని నేలకును చెట్లకును అలవాటుపడినవి. మానవ శరీరపు 37 డిగ్రీల వేడిలో బ్రతుకలేవు. వెచ్చని రక్తమే మానవునకు కోటగోడ. గోడ బీటలువారినపుడు శత్రువు ప్రవేశించుట నిజమే. 2021లో కోవిడ్ రెండవవిజృంభణమున, మధుమేహమును స్టెరాయిడ్ ఔషధములును శరీరరక్షణను సడలించిన సమయమున, ‘బ్లాక్ ఫంగస్’ అని పిలువబడిన వ్యాధి భారతదేశమున 45 వేల మందికి పైగా సోకెను. అది కన్నులను, దవడలను, ప్రాణములను హరించెను. కాని ఎవరి కాళ్ళను తన పనికి నడిపింపలేదు.

మానవులలో జాంబీకథకు మిక్కిలి సమీపమైనది రేబిస్ వ్యాధి. పిచ్చికుక్క చొంగలోని వైరస్ కాటు ద్వారా ప్రవేశించి, నరముల వెంట మెల్లగా ప్రాకి మెదడును చేరును. కుక్క ఉన్మాదమున కరచుచు తిరుగుటచే వైరస్ క్రొత్త దేహములను చేరుచున్నది. రోగికి నీటిని చూచినంతనే కంఠము బిగిసికొనును. లక్షణములు పైకి వచ్చిన పిదప బ్రతుకుట దాదాపు అసంభవము. అందుచేతనే కాటు పడినంతనే గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము చేయక టీకా వేయించుకొనవలెను. 1885లో లూయీ పాశ్చర్ తొలిసారి ఒక బాలునకు ఆ టీకా వేసిన నాటినుండియు కోట్లాది జనులు ఈ మృత్యుముఖమునుండి బయటపడిరి.

ఈ వ్యాధిలో మరువరాని సంగతి యొకటి కలదు. ఉద్రేకమునకును ఉద్రేకమునకును నడుమ అనేక రోగులలో తెలివి నిర్మలముగా వెలుగును. తనవారిని గుర్తించును, మాటలాడును, భయపడును. మెదడునే ఆక్రమించిన వ్యాధిలో సైతము, చూచువాడు ఒకడు లోపల మిగిలియున్నాడు. కథలోని జాంబీకిని, మంచముపైనున్న రోగికిని గల భేదమిదియే: కథ ఆ చూచువానిని ముందుగానే తుడిచివేయును.

చంపదగినవాడా, జాలిపడదగినవాడా?

‘జాంబీ’ అను మాట హైతీ దేశమునుండి వచ్చినది. ఫ్రెంచివారి పాలనలో, ఆఫ్రికానుండి తేబడిన బానిసలు అచ్చటి చెరకుతోటలలో చాకిరి చేసి నశించిరి. తిరుగుబాటు చేసి 1804లో వారు స్వతంత్రులైరి. ఆ దేశపు జానపదుల విశ్వాసములో జాంబీ యనగా ఇతరులను కరచు రాక్షసుడు కాడు. మంత్రగాడు సమాధినుండి లేపి, చాకిరికి నియోగించిన దీనుడు. మరణించినను విముక్తి లేకపోవునేమో యను బానిస భయమే ఆ రూపము ధరించినది. ఆ కథలో దోషి మంత్రగాడు, జాంబీ కాడు.

1968లో జార్జి రొమేరో తీసిన అమెరికా చలనచిత్ర మొకటి ఆ రూపమును పూర్తిగా మార్చివేసెను. మంత్రగాడు అదృశ్యుడయ్యెను, మృతులు గుంపులుగా లేచి బ్రతికినవారిపై పడిరి. నాటినుండి జాలిపడదగినవాడు చంపదగినవా డయ్యెను. ఇట్టి కథలలో నిన్నటివరకు అన్నయైనవాడు, పొరుగువాడైనవాడు, కాటు పడిన క్షణమునుండి మనిషి కాడు. వానిని వధించుటకు పశ్చాత్తాపము అవసరము లేదు. కథలో అసంభవమైన అంశము శిలీంధ్రము. మిక్కిలి సంభవమైన అంశము ఈ అనుమతియే. వ్యాధిగ్రస్తుడు మనిషి కాడని, అన్యమతస్థుడు మనిషి కాడని, ఉన్మాది మనిషి కాడని తలచిన దినములు చరిత్రలో ఎన్నియో కలవు. దానికి ఏ క్రిమియు అక్కరలేదు.

తెలుగు పాఠకునకు బేతాళుడు చిరపరిచితుడు. ఆతడును శవమునందే చేరియుండును. ఐనను విక్రమార్కుని భుజముపై నున్న ఆ శవము కరువదు. కథ చెప్పి, ధర్మసందేహమును అడుగును. తెలిసియు చెప్పకుండుట దోషమని హెచ్చరించును. దేహము తనది కాకున్నను, పలుకుచున్నవానిని శ్రద్ధతో వినుటయే ఆ కథల సంస్కారము.

ఈ సంస్కారము ఆచరణలో ఎట్లుండునో కలకత్తానగరమే ఒకప్పుడు చూచినది. 1898లో ఆ నగరమున ప్లేగు ప్రవేశించెను. జనులు భీతితో ఇండ్లు విడిచి పారిపోసాగిరి. స్వామి వివేకానందులు డార్జిలింగునుండి తిరిగివచ్చి సేవకు సిద్ధపడిరి. ధనమెచ్చటనుండి వచ్చునని అడుగగా, అవసరమైనచో మఠముకొరకు క్రొత్తగా కొనిన భూమినైనను అమ్ముదమనిరి. 1899లో వ్యాధి మరల విజృంభించినపుడు రామకృష్ణ మిషన్ సేవాకార్యమును ప్రారంభించెను. సోదరి నివేదిత కార్యదర్శినిగాను, స్వామి సదానందులు కార్యనిర్వాహకులుగాను పనిచేసిరి. బాగ్‌బజారు మురికివాడలో, తల్లిని కోల్పోయి ప్లేగుతో మరణించుచున్న బిడ్డను నివేదిత ఒడిలో పెట్టుకొని కూర్చుండుట వైద్యుడు రాధాగోవింద కర్ స్వయముగా చూచిరి. ఆ బిడ్డ శరీరము క్రిములమయము. ఆ విషయము ఆమెకు తెలియును. గుడిసెను శుభ్రపరచుటయు, సున్నము వేయుటయు ఆమె మరువలేదు. జాగ్రత్త వేరు, జుగుప్స వేరు. క్రిమిని క్రిమిగా చూచి, బిడ్డను బిడ్డగా చూచుటకు వివేకమని పేరు.

మనస్సు జడము, సాక్షి చైతన్యము

ఇక మొదటి ప్రశ్న మిగిలినది. ఒక విషపుబొట్టు సంకల్పమును హరింపగలిగినచో, ఆత్మ ఎక్కడ? స్వాతంత్ర్య మెక్కడ? ఇట్టి వార్తలు చదివి, మతము చెప్పిన దంతయు కూలిపోయెనని తలచువారు కలరు. మనస్సే ఆత్మ యని నమ్మినవారికి ఆ భయము సహజము. వేదాంతము ఎన్నడును అట్లు చెప్పలేదు. మనస్సు సూక్ష్మమైనదే గాని జడము, అన్నముచే పోషింపబడునది. ఛాందోగ్యములో ఉద్దాలకుడు ఈ విషయమును వాదముతో గాక పరీక్షతో బోధించెను. కుమారుడైన శ్వేతకేతువును పదునైదు దినములు నీరు మాత్రము త్రాగి ఉండుమనెను. అనంతరము వేదములను చెప్పుమనగా కుమారునకు ఏమియు స్ఫురింపలేదు. భుజించి వచ్చిన పిదప అడిగినదెల్ల చెప్పగలిగెను. పిడికెడు అన్నము లేనిచో వేదవిద్యయే మరుగుపడునని అంగీకరించిన శాస్త్రమునకు, ఒక క్రిమి మనస్సును కలతపెట్టునన్న వార్త వింతయు కాదు, ముప్పును కాదు.

మనస్సు కలతపడినదని తెలిసికొనుచున్న దెవరు? జ్వరమున పలవరించినవాడు మేల్కొని, తన మనస్సు నిలుకడగా లేకపోయెనని చెప్పును. కోపమున అరచినవాడు చల్లబడి, తాను తానుగా లేనని చెప్పును. మబ్బు మారును, కాంతి తగ్గును. మబ్బును చూపునదియు కాంతియే. ఆ సాక్షిని ఏ శిలీంధ్రమును అల్లుకొనజాలదు, ఏ విషమును కుట్టజాలదు. సాక్షి యుండుట ఒకటి, ఆ సాక్షి దృష్టి మనస్సున ప్రతిఫలించుట మరియొకటి. దర్పణము పగిలినవానియందు ప్రతిబింబము చెదరును. అట్టివాని కర్మకు వానిని పూర్తిగా బాధ్యుని చేయుట న్యాయము కాదు. వెలుగు ఎంత మిగిలినదో, బాధ్యత అంతయే.

ఇందుండి ఒక ధర్మసూక్ష్మము ఏర్పడుచున్నది. ఇతరుల తప్పును విచారించునపుడు మనస్సు జడమని గుర్తుంచుకొనవలెను. తన తప్పును విచారించుకొనునపుడు సాక్షి కలడని గుర్తుంచుకొనవలెను. లోకమున సాధారణముగా దీనికి విరుద్ధముగా జరుగును. పొరుగువాడు కోపించినచో వాడు దుష్టుడు. తాను కోపించినచో ఆకలి, అలసట, గ్రహచారము కారణములు. పొరుగువానికి పూర్ణస్వాతంత్ర్యమును అంటగట్టి శిక్షించుట, తనకు పూర్ణపారతంత్ర్యమును కల్పించుకొని క్షమించుకొనుట మానవస్వభావము. సాధకుడు ఈ త్రాసును తిరుగవేయవలెను. ఇతరులకు కారణములను వెదకిపెట్టి, తనకు బాధ్యతను ఉంచుకొనవలెను.

భ్రమరకీటన్యాయము

ఇచ్చట ఒక ఆక్షేపణ పుట్టవచ్చును. భక్తుడు తన సంకల్పమును భగవంతున కర్పించి, తాను యంత్రము, ఆయన యంత్రి యని చెప్పును. బొద్దింకకును భక్తునకును భేదమేమి? మన సంప్రదాయములో భ్రమరకీటన్యాయము ప్రసిద్ధము: భ్రమరముచే గూటికి తేబడిన పురుగు, భయముతో దానినే తలచి తలచి, తుదకు భ్రమరమే యగునని. జీవశాస్త్రము చూచినది వేరు. మట్టిగూటిలోని పురుగు భ్రమరము కాదు. భ్రమరపు పిల్లకు ఆహారమగును. గూటినుండి ఎగిరివచ్చునది ఆ పిల్ల. ఉపమానమునకు చెప్పిన సంగతిని ప్రమాణముగా పట్టుకొనరాదు. తదేకధ్యానము మనస్సును ధ్యేయాకారము చేయునన్న భావమునకు ఆ పురుగు సాక్ష్యము అక్కరలేదు; దాని సత్యము సాధకుల జీవితములలో కలదు.

ఐనను ఆక్షేపణను తేలికగా తీసికొనరాదు. భక్తి పేరిట మానవులను బొద్దింకలవలె మీసముపట్టి నడిపించువారు అన్ని కాలములలోను కలరు. కావున గుర్తులు తెలిసియుండవలెను. పరాన్నభుక్కు తాను పెరుగుటకు ఆశ్రయమిచ్చినదానిని తరుగజేయును. భగవంతునకు జీవునినుండి పొందవలసిన దేదియు లేదు. శిలీంధ్రము పట్టిన చీమ తన బారును విడిచి ఒంటరియగును. భగవద్భావము కలిగినవాడు ఎల్లరను తనవారిగా చూచును. విషము ప్రశ్నను చంపును; జ్ఞానము ప్రశ్నతో మొదలగును. దక్షిణేశ్వరమున నరేంద్రుడు శ్రీరామకృష్ణుల పరుపు క్రింద రహస్యముగా ఒక నాణెము నుంచి, ఆయన ధనస్పర్శను సహింపరన్న మాట నిజమా యని పరీక్షించెను. గురుదేవులు కోపింపలేదు. పరీక్షించి గ్రహించుటనే ప్రోత్సహించిరి. తనను పరీక్షింపనిచ్చిన గురువునకు చేసిన సమర్పణము సమర్పణము. ప్రశ్ననే పాపమనిన చోట జరిగినది కుట్టుట.

అర్పించుటకు ముందు, అర్పింపదగిన దొకటి తన చేతిలో నుండవలెను. బొద్దింక ఏమియు అర్పింపలేదు, దానినుండి దొంగిలింపబడినది. పగ్గములను తానుగా పట్టుకొని, గుర్రములను నిలిపి, ఎవరికి ఇచ్చుచున్నాడో చూచి ఇచ్చువాడే భక్తుడు. అందుచేత ఆత్మనిగ్రహము లేని శరణాగతి శరణాగతి కాజాలదు.

సాధకునకు ఉపదేశము

శిలీంధ్రము మానవుల మనస్సులను ఆక్రమించునన్న భయము అనవసరము. అంతకంటె చిరపరిచితమైన అతిథులు లోపల కలరు. కామక్రోధములు ఎవరి అన్నము తిని, ఎవరి కాళ్ళతో నడచి, ఎవరి నోటితో పలుకుచున్నవో విచారింపవలెను. సాయంకాలమున సాధకుడు కొంతతడవు నిశ్చలముగా కూర్చుండి, ఆనాడు తాను నడచిన దారిని ఒకమారు చూచుకొనవలెను. ఏ మాట తనది? ఏ మాట గుంపుది? ఏ కోరిక పొరుగువాని ఇంటినుండి తన ఇంటికి ప్రాకివచ్చినది? ఈ విచారణము జరుగుచున్నంతకాలము మనిషి పూర్తిగా పరాధీనుడు కాడు. పట్టుబడితినని తెలిసికొనినవాడు సగము విడుదలయైనవాడే. తక్కిన సగము అభ్యాసముచేతను, భగవత్కృపచేతను సిద్ధించును.

వీధిలో పిచ్చివాడుగా తిరుగువాడు, మంచమున తన్ను తాను మరచిన వృద్ధమాత, వ్యసనమునకు లొంగి ఇల్లు గుల్లచేసిన కుమారుడు, అంటువ్యాధితో గదిలో ఒంటరిగా నున్న పొరుగువాడు – వీరిని చూచినపుడు, లోపల చూచువాడు ఇంకను కలడని నమ్మి, పేరు పెట్టి పిలువవలెను. వ్యాధికి వైద్యము చేయించుట, ప్రమాదమున్నచో జాగ్రత్తపడుట ధర్మమే. మనిషిని మనిషుల లెక్కనుండి కొట్టివేయుట మాత్రము ఎన్నటికిని ధర్మము కాదు. దేహమును క్రిమి గెలువవచ్చును, మనస్సును విషము గెలువవచ్చును. సోదరుని సోదరుడుగా చూచు దృష్టిని మాత్రము, మానవుడు తానై విడిచిననే తప్ప, ఏ పరాన్నభుక్కును అపహరింపలేదు.